కట్ట మీద సైకిల్: వరంగల్‌లో హారన్ వినపడని దారులు

పొద్దున అయిదున్నర. హనుమకొండ చౌరస్తాలో ఇంకా టీ బండి ఒక్కటే నిద్ర లేచింది. గంట ఆగితే ఇదే చౌరస్తాలో ఆటోలు, బస్సులు, స్కూల్ వ్యాన్లు. అప్పుడు సైకిల్ బయటికి తీయాలంటే నిజంగా ధైర్యం కావాలి. ఇప్పుడైతే కాసేపు తొక్కితే చాలు, భద్రకాళి చెరువు కనిపిస్తుంది. గుట్టలు, నీళ్లు, నీళ్ల మీద పొగమంచు. హారన్ లేదు.

సైకిల్ టూరింగ్ అనగానే మనకు రీల్స్‌లో కనిపించేది యూరప్. ఆస్ట్రియా, హంగరీ సరిహద్దులో నోయ్‌జీడ్ల సరస్సు చుట్టూ రెల్లుగడ్డి మధ్య నుంచి సైకిల్ దారులు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో సముద్రాన్ని ఆపడానికి 1932లో కట్టిన 32 కిలోమీటర్ల అఫ్స్‌లౌట్‌డైక్ మీద కూడా సైకిల్‌కు వేరే బాట ఉంది. చూసి 'మనకెప్పుడు వస్తాయో' అనుకుంటాం. కానీ ఒక్క మాట ఆలోచించండి. నీళ్లను ఆపే కట్ట, దాని మీద బాట... ఇది వరంగల్‌కు కొత్తా? కాకతీయులు ఎనిమిది వందల ఏళ్ల కిందే కట్టిపెట్టారు కదా!

కట్టే రెడీమేడ్ ట్రాక్

గుడి కట్టిన చోట చెరువు, చెరువు కింద ఊరు. కాకతీయుల లెక్క అదే. ఒక చెరువు నిండితే మత్తడి పోసి నీళ్లు కింది చెరువుకు వెళ్తాయి, అది నిండితే ఇంకో దానికి. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటాం. ఈ గొలుసులో ప్రతి లింకుకూ ఒక మట్టి కట్ట ఉంటుంది.

సైకిల్ కళ్లతో చూస్తే ఈ కట్టకు మూడు గుణాలు కనిపిస్తాయి. ఒకటి, పైభాగం దాదాపు సమతలం. నీళ్ల మట్టం అంతటా ఒకటే కాబట్టి కట్ట ఎత్తు కూడా ఎగుడుదిగుడుగా ఉండదు. మోకాళ్లకు హాయి. రెండు, చాలా కట్టల మీదికి లారీ ఎక్కదు. ఎద్దులబండి, బర్లు, బైకు, అంతే. మూడు, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పచ్చటి పొలం. మన దగ్గర సరస్సు పక్కన ఇసుక దిబ్బలు లేవు. వాటి బదులు పెద్ద పెద్ద రాతి గుండ్లు ఉన్నాయి. ఫొటోలో అవే బాగుంటాయని నా అభిప్రాయం.

మొదలు ఊళ్లోనే

కొత్తగా తొక్కేవాళ్లు నేరుగా యాభై కిలోమీటర్లు ప్లాన్ చేయొద్దు. భద్రకాళి, వడ్డేపల్లి చెరువులతో మొదలుపెట్టండి. భద్రకాళి చెరువు గణపతిదేవుడి కాలం నాటిది. కట్టను కేంద్రం హృదయ్ పథకం కింద నడకదారిగా తీర్చిదిద్దారు. అక్కడ నడిచేవాళ్లదే మొదటి హక్కు. ఏ టైంలో, ఏ భాగంలో సైకిల్‌ను రానిస్తారో గేటు దగ్గర అడిగి వెళ్లండి. వాకర్స్ ఎక్కువగా ఉంటే దిగి నడిపించుకుంటూ వెళ్లడమే మర్యాద. వడ్డేపల్లి వైపు సాయంత్రం బాగుంటుంది. ఎండ నీళ్లలో పడి కళ్లు చెదురుతాయి, టోపీ మరవొద్దు.

పాఖాల: ఒక రోజు రైడ్

అసలు మజా ఇక్కడ. వరంగల్ నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు. 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, నిండితే సుమారు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు. చుట్టూ గుట్టలు, అభయారణ్యం. ఖమ్మం మీదుగా పారి కృష్ణలో కలిసే మున్నేరు పుట్టేది ఈ పాఖాల నుంచే.

నిజం చెప్పాలంటే నర్సంపేట దాకా దారి రోడ్డే. ట్రాఫిక్ ఉంటుంది. తెల్లవారక ముందే దాటేయాలి, లేదంటే సైకిల్‌ను ఏ ట్రాలీలోనో వేసుకుని నర్సంపేటలో దిగి అక్కడి నుంచి తొక్కాలి. నర్సంపేట దాటాక పొలాలు, ఆ తర్వాత చెట్లు దగ్గరికొస్తాయి. గాలిలో చల్లదనం మారినట్టు తెలుస్తుంది. కట్ట ఎక్కగానే కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు. పెడల్ ఆపి రెండు నిమిషాలు కదలకుండా ఉంటే లకుముకి నీళ్లలోకి దూకడం చూడొచ్చు. బైక్ మీద వస్తే ఆ ఛాన్స్ ఉండదు, చప్పుడుకే ఎగిరిపోతుంది.

ఇది అటవీ శాఖ చేతిలో ఉన్న ప్రాంతం. అడవి లోపలి దారుల్లోకి అనుమతి లేకుండా వెళ్లొద్దు. పొద్దుగూకేలోపు బయటికి రావాలి.

రామప్ప, లక్నవరం: రెండు రోజులు తీసుకోండి

ములుగు వైపు జాతీయ రహదారి 163 మీద ఇసుక లారీలు ఎక్కువ. ఇక్కడ హీరోయిజం వద్దు. ములుగు దాకా బండి మీదో, బస్సులోనో చేరుకుని అక్కడి నుంచి తొక్కండి. బస్సులో సైకిల్ ఎక్కిస్తారో లేదో ముందే కనుక్కోండి. జంగాలపల్లి దగ్గర హైవే వదిలేస్తే సీన్ మారిపోతుంది. పాలంపేట దాకా పొలాల మధ్య దారి.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. అందరూ గుడి చూసి తిరిగి వెళ్లిపోతారు. దగ్గర్లోనే రామప్ప చెరువు ఉందని చాలామందికి పట్టదు. ఇందాక ఇసుక దిబ్బలు లేవన్నాను కదా, ఇసుక మాత్రం ఉంది, గుడి కింద! పునాదిలో ఇసుక నింపి దాని మీద రాతి గుడిని నిలబెట్టారు. గుడి చూశాక చెరువు కట్ట మీద కూర్చుంటే, రాయీ నీళ్లూ రెండూ తెలిసిన మనుషులు వీళ్లు అనిపిస్తుంది.

మర్నాడు గోవిందరావుపేట మండలంలోని లక్నవరం. గుట్టల మధ్య చెరువు, అందులో దీవులు, వేలాడే వంతెన. వీకెండ్‌లో కార్లు ఎక్కువ. వారం మధ్యలో వెళ్తే చెరువు మీదే, మాట మీదే.

బయల్దేరే ముందు

తుమ్మ ముల్లు మీ మొదటి శత్రువు. కట్టల మీద తుమ్మ చెట్లు మామూలే. రెండు ట్యూబులు, పంక్చర్ కిట్, చేతి పంపు లేకుండా కదలొద్దు. సన్న టైర్ల రోడ్ బైక్ కంటే వెడల్పు టైరున్న మామూలు సైకిల్ మేలు. గాలి కొంచెం తక్కువ పెడితే మట్టి మీద పట్టు ఉంటుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బెస్ట్. మత్తడి దూకుతున్న రోజుల్లో నీళ్లు ఎంత లోతులో పారుతున్నా దాటే ప్రయత్నం చేయొద్దు. మోకాలి లోతు నీళ్లకే మనిషి కాలు నిలవదు, సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు. సద్దుల బతుకమ్మ రోజు కట్ట ఆడబిడ్డలది, మనం పక్కకు తప్పుకోవాలి.

ఇంకోటి. కట్ట మీద ఎదురైన పెద్దమనిషి "ఏ ఊరు బిడ్డా?" అని అడగకుండా వదలడు. ఇయర్‌ఫోన్స్ తీసి జవాబు చెప్పండి. ఏ తూము దగ్గర బురద ఉందో గూగుల్‌కు తెలియదు, ఆయనకు తెలుసు.

బాట ఉంది, చెరువు ఉంటుందా?

2021లో కేంద్రం సైకిల్ పోటీలో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. ఒక్కో నగరానికి కోటి రూపాయలు ప్రకటించారు. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ వచ్చింది. మంచిదే. కానీ వరంగల్‌కు కప్పు కట్టాల్సిన పని లేదు, చెట్లు పెడితే చాలు. ఉన్న కట్టలను కలుపుతూ ఒక మ్యాప్, మలుపుల్లో బోర్డులు, బైకులు ఎక్కకుండా రెండు రాళ్లు. ఖర్చు తక్కువ.

అసలు భయం వేరే ఉంది. 2023 జులై వరదలకు భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. 2024 చివర్లో పూడిక తీయడానికి చెరువును ఖాళీ చేయాల్సి వచ్చింది. శిఖం భూమిలో ఇళ్లు లేస్తే, కాలువలు మూసుకుపోతే గొలుసు తెగుతుంది. గొలుసు తెగితే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. సైకిల్ చైన్‌లో ఒక్క లింకు ఊడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, ఇదీ అంతే.

చెరువును రోజూ చూసేవాళ్లు ఉంటే దాన్ని మింగడం అంత తేలిక కాదు. ఒకప్పుడు ఆ పని నీరటివాళ్లు చేసేవాళ్లు. తూము తెరవడం, కట్టకు బొరియ పడిందా అని చూడడం వాళ్ల డ్యూటీ. ఇప్పుడు ఆదివారం పొద్దున కట్ట మీద తిరిగే మనం కనీసం చూసేవాళ్లం కావచ్చు. మట్టి జారిన చోట, చెత్త పోసిన చోట ఒక ఫొటో తీసి మున్సిపాలిటీకో, ఇరిగేషన్ వాళ్లకో పంపండి. రీల్ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం అలారం అయిదింటికి పెట్టండి. టైర్లలో గాలి మాత్రం రాత్రే చూసుకోండి.