మధ్య మానేరు నీళ్ల మీద ఫోన్ చూపే దారి

పడవలో వెళ్లేవారికి దిక్కు, దూరం, వేగం చెప్పడానికి ఇప్పుడు జేబులోని స్మార్ట్‌ఫోన్ చాలు. అందులోని జీపీఎస్ చిప్ భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటుంది. ఒక్కో సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టి, కనీసం నాలుగు ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు తేల్చుకుంటుంది. దీనికి సిమ్ కార్డు గానీ ఇంటర్నెట్ గానీ అక్కర్లేదు. నెట్ ఉంటే మొదటి లెక్క త్వరగా తేలుతుంది, లేకుంటే కాసేపు ఆగాలి. పైన ఆకాశానికి ఏ అడ్డూ లేని నీటి నడుమ ఫోన్ చూపే చోటుకూ అసలు చోటుకూ తేడా మామూలుగా ఐదు మీటర్లకు మించదు. ఇరుకు బజార్లలో తడబడే ఫోన్ జలాశయం మీద నిక్కచ్చిగా పనిచేస్తుంది.

సిరిసిల్ల వైపు ఇది బాగా అక్కరకొచ్చే చోటు మధ్య మానేరు. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర మానేరుకు అడ్డంగా కట్టిన ఈ శ్రీ రాజరాజేశ్వర జలాశయం నిండితే 25 టీఎంసీలకు పైగా నీరు నిలుస్తుంది. అప్పుడు వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయ స్వామి గుడి చుట్టూ నీళ్లు చేరి దీవిలా అవుతుంది, భక్తులు పడవల్లో వెళ్లి దర్శనం చేసుకుంటారు. మత్స్యకారులకైతే ఈ నీళ్లే బతుకుదెరువు. పొద్దుగూకే వేళ వల వేసి, తెల్లవారకముందే తీయడానికి వెళ్లేవారికి చీకట్లో, చలికాలపు మంచులో వల చివర తేలే ఖాళీ సీసా కనిపించడం కష్టం. వల వేసేటప్పుడే రెండు కొసల దగ్గరా మ్యాప్ యాప్‌లో గుర్తు పెట్టుకుంటే, పొద్దున ఆ గుర్తు మీదికే నేరుగా పోవచ్చు. మ్యాప్‌ను ముందే ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసుకోవాలి. లేకుంటే సిగ్నల్ లేని చోట ఖాళీ తెర మీద మనమున్న చోటు చూపే నీలం చుక్క ఒక్కటే మిగులుతుంది.

వేగం విషయంలో ఫోన్ పద్ధతి వేరు. రెండు చోట్ల మధ్య దూరాన్ని కాలంతో భాగించడం ఒక్కటే దానికి దారి కాదు. రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత ఒకలా, దాటిపోయాక మరోలా వినిపించినట్టే, పడవ కదిలే కొద్దీ ఉపగ్రహ సంకేతపు పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. ఈ డాప్లర్ మార్పును పట్టుకుని చిప్ వేగం చెబుతుంది. మోటారు పడవ వేగంలో తప్పు చాలా తక్కువ. తెడ్డు వేసే తెప్ప మీద మాత్రం అంకె అటూ ఇటూ ఊగుతుంది, నిలబెట్టిన పడవకు కూడా కొంత వేగం చూపవచ్చు. జీపీఎస్‌తో ఫోన్ చూపే బాణం కూడా పడవ సాగే దిక్కునే చెబుతుంది, ముక్కు ఎటు తిరిగి ఉందో కాదు. గాలి పక్కకు తోస్తున్నప్పుడు ఈ రెండూ ఒకటి కావు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఫోన్ చెప్పేది నేలతో పోల్చిన వేగం. నిలిచిన నీళ్లలో దీనికీ నీటిని చీల్చుకుపోయే వేగానికీ పెద్ద తేడా ఉండదు. గోదావరి లాంటి పారే నదిలో ఉంటుంది. ఇంజిను పడవను గంటకు 10 కిలోమీటర్లు నడిపిస్తూ, ప్రవాహం 4 కిలోమీటర్లు ఉందనుకుంటే, దిగువకు ఫోన్ 14 చూపుతుంది, ఎగువకు 6. ఇరవై కిలోమీటర్లు దిగడానికి గంటన్నర లోపే పడితే, తిరిగి ఎక్కడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. దిగేటప్పటి వేగం చూసి డీజిల్ పోయించుకున్నవారు తిరుగుదారిలో ఇబ్బంది పడతారు. వేగం అంకె ఏ కొలతలో ఉందో కూడా ముఖ్యమే: సముద్రంలో వాడే నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. యాప్‌లో ఏ కొలత ఎంచుకున్నారో ముందే చూసుకోవాలి.

ఫోన్ అసలు చెప్పలేనిది లోతు. మధ్య మానేరులో ఇది చిన్న లోపం కాదు. ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. కొదురుపాక, వరదవెల్లి, చింతలఠాణా, కొడుముంజ, అనుపురం, రుద్రవరం లాంటి గ్రామాల ఇళ్లూ పొలాలూ ముంపులో పోయాయి. జలాశయం తగ్గినప్పుడు మొండిగోడలు, మోడులు, పాత రోడ్లు పైకి తేలతాయి. అంతకంటే ప్రమాదం అవి నీటికి జానెడు కిందే ఉన్నప్పుడు. ఫోన్ తెర మీద అక్కడ ఒకే నీలం రంగు. నిండు జలాశయంలో నిరుడు సాఫీగా సాగిన దారిని యాప్ దాచి ఉంచినా, నీళ్లు దిగిన వేసవిలో ఆ గీతను నమ్మి వేగంగా పోకూడదు. అక్కడ పుట్టి పెరిగినవారికి ఏ గోడ ఎక్కడుందో, ఏ బావి ఎక్కడుందో గుర్తుంటుంది. ఆ చోట్లన్నిటినీ వాళ్లతో చెప్పించి మ్యాప్‌లో గుర్తులుగా పెట్టుకోవడం కన్నా మంచి పని లేదు. ఫోన్ చూపే ఎత్తు అంకెను కూడా నమ్మలేం. నిండినప్పుడు మధ్య మానేరు నీటిమట్టం సముద్రమట్టానికి 318 మీటర్లు. ఉపగ్రహాలు లెక్కకు తీసుకునే భూమి ఆకారం వేరు కాబట్టి, ఆ తేడాను సరిచేయని యాప్‌లు ఇక్కడ సుమారు 70 మీటర్లు తక్కువ చూపిస్తాయి.

జలాశయం సంగతి ఇలా ఉంటే, సముద్రంలో తీరం నుంచి దూరం వెళ్లే కొద్దీ సెల్ సిగ్నల్ అందదు. జీపీఎస్ అందుతుంది గానీ తుఫాను కబురు చేరదు. అందుకే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ హెచ్చరికలను మన దేశపు గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా పడవలోని ఫోన్‌కు చేర్చే ‘జెమిని’ పరికరాన్ని 2019లో తెచ్చారు.

ఫోన్‌ను నీళ్లు చొరని సంచిలో పెట్టి మెడకు వేసుకోవాలి. తడి వేళ్లకు తెర సరిగా స్పందించదు కాబట్టి యాప్‌ను ఒడ్డునే తెరిచి పెట్టుకోవాలి. ఎండలో వేడెక్కితే ఫోన్ ఆగిపోవచ్చు, నీడ పట్టున ఉంచాలి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ హరించే చోట ఫ్లైట్ మోడ్ పెట్టినా జీపీఎస్ నడుస్తుంది. ఆపదలో 112కు ఫోన్ చేస్తే అక్షాంశ రేఖాంశాలను చదివి వినిపించాలి, అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో కూడా చెప్పాలి. 18.30 డిగ్రీలంటే 18 డిగ్రీల 18 నిమిషాలు. దాన్ని 18 డిగ్రీల 30 నిమిషాలుగా రాసుకుంటే సాయానికి బయల్దేరినవారు 22 కిలోమీటర్లు ఉత్తరాన వెతుకుతారు.