గుర్తు మరుగైనంతనే గుట్టు దాగునా?

నేడు పెక్కు గృహములలో ఇంటిల్లిపాదికిని ఒకటే కంప్యూటరు. బ్యాంకు లెక్కలు, వైద్యుని కాగితములు, వీలునామా ప్రతి, సొంత ఉత్తరములు అన్నియు దానిలోనే యుండును. వీనిని ఇతరుల కంటబడనీయక భద్రపరచు ఉచిత సాధనములలో వెరాక్రిప్ట్ ఒకటి. ట్రూక్రిప్ట్ అను పూర్వపు సాధనము ఆధారముగా ఇది 2013లో వెలువడినది. 2014లో ట్రూక్రిప్ట్ నిలిచిపోయినది. పత్రములను గూఢలిపిలోనికి మార్చి ఒక పెట్టెలో ఉంచుట దీని పని. పాస్‌వర్డు చెప్పినగాని ఆ పెట్టె తెరచుకొనదు.

అయితే, దాని గుర్తు తెరమీద కనబడినచో ఇచట ఏదో దాచినారని ఇతరులకు తెలిసిపోవును గదా! దానిని కనబడకుండ చేయుట ఎట్లు? ఇది సహజమైన ప్రశ్నయే. ఈ గుర్తులు రెండు తావులలో నుండునని మనము ముందుగా గ్రహింపవలెను.

మొదటిది డెస్క్‌టాప్ మీది గుర్తు. ఇది వీధి గుమ్మమునకు తగిలించిన పేరుపలక వంటిది. దీనిని తొలగించినను సాధనమునకు ఏ లోపమును రాదు.

రెండవది విండోస్ తెర అడుగున, గడియారము ప్రక్కన నుండు చిన్న గుర్తు. దీనిని మరుగుపరచుటకు రెండు దారులు కలవు. టాస్క్‌బార్ అమరికలలో దానిని దాచుట ఒక దారి. గుర్తు కనబడదు గాని, పని సాగుచునే యుండును. వెరాక్రిప్ట్ అమరికలలో నేపథ్యమున సాగు పనినే నిలిపివేయుట రెండవ దారి. అపాయమంతయు ఇచటనే కలదు. సాధనపు కిటికీ మూయగనే గుర్తు మాయమగును. తెరచిన పెట్టె మాత్రము తెరచియే యుండును! కొంతసేపు వాడనిచో పెట్టెను తనంత తాను మూయుమని మనము చేసిన ఏర్పాటు సైతము అంతటితో ఆగిపోవును. రేడియోలోని దీపము ఆరినంతనే పాట ఆగదు గదా!

పైగా గుర్తును దాచినను కంప్యూటరులోని సాధనముల పట్టికలో దాని పేరు నిలిచియే యుండును. పెన్‌డ్రైవు నుండి నడిపినను విండోస్‌లో జాడలు మిగులవచ్చును. గుర్తును దాచి గుట్టు దాగినదనుకొనుట పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగుట వంటిది.

బెదరించి పాస్‌వర్డు చెప్పించువారు ఇంటనే యున్న యెడల ఏమి గతి? అందులకు పెట్టెలో మరియొక రహస్యపు పెట్టెను అమర్చుకొను వీలు కలదు. రెంటికిని వేరువేరు పాస్‌వర్డులు. వెలుపలి దానిని చెప్పినను లోపలిది బయటపడదు. తగిన రక్షణ నెంచుకొనక వెలుపలి పెట్టెలో క్రొత్త పత్రములు నింపినచో మాత్రము లోపలివి చెడును. మన మీటల నొక్కులను దొంగచాటుగ గమనించు సాధనమును ఎవరైన ఆ యంత్రమున చేర్చియున్నచో ఏ పెట్టెయు మనలను కాపాడజాలదు. అట్టి అనుమానమున్నవారు తమ రహస్యములను ఆ యంత్రమున తాకకుండుటయే క్షేమము.

కావున మేము చెప్పునది ఇది: గడియారము ప్రక్కనున్న గుర్తు పరులకన్న మనకే అవసరము. దానిని దాచవలసివచ్చినచో విండోస్ ద్వారా దాచుడు, పనిని నిలుపకుడు. కంప్యూటరు ముందునుండి లేచునప్పుడు పెట్టె మూయుట మరువకుడు.