రెండో అంకె వేస్తే మొదటి ఓటు తగ్గదు

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక మాటెత్తితే చాలు, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఎవరో ఒకరు అనే మాట ఇది: "మనవాళ్లకి ఒకటి వేసి ఊరుకోండి. రెండు కూడా వేశారంటే మన ఓటు సగమైపోతుంది." శుద్ధ తప్పు. కోడ్ రాసి బతికేవాళ్లు కూడా దీన్ని నమ్మడం నాకు మింగుడుపడదు.

2021 మార్చి 14న హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ దినపత్రికంత అయింది. దాన్ని మడిచి వేయడానికి జంబో పెట్టెలు తెప్పించారు. గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగం కన్నా ఒకటి ఎక్కువ, అంటే 1,68,520 రావాలి. మొదటి ప్రాధాన్యంలో, అంటే పేరు ఎదుట 1 అంకె వేసిన ఓట్లలో, టీఆర్‌ఎస్ అభ్యర్థి సురభి వాణీదేవికి 1.12 లక్షలు, బీజేపీ అభ్యర్థి ఎన్. రామచందర్‌రావుకు 1.04 లక్షలు, స్వతంత్రుడు ప్రొఫెసర్ నాగేశ్వర్‌కు 53 వేల పైచిలుకు వచ్చాయి. గెలవాల్సిన ఆ సంఖ్యకు ఎవరూ దగ్గరగా కూడా లేరు.

ఇక్కడే రెండో అంకెకు పని పడుతుంది. టిఫిన్ సెంటర్‌లో "పెసరట్టు, లేదంటే ఇడ్లీ" అన్నారనుకోండి. ఇడ్లీ పేరెత్తినందుకు మీ పెసరట్టులో ముక్క కోయరు కదా! పిండి ఉన్నంతసేపూ మీది పెసరట్టే. అయిపోయాకే ఇడ్లీ వైపు చూస్తారు. అదీ లేకపోతే, మీరు మూడోది చెప్పి ఉంటే అది ఇస్తారు. ఏమీ చెప్పకపోతే ఖాళీ చేతులతో బయటికి రావాలి. లెక్కింపులోనూ అంతే. అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లను పోటీ నుంచి తొలగిస్తారు. వాళ్ల కట్టలోని ఒక్కో కాగితం విప్పి, 2 ఎవరి పేరు ఎదుట ఉందో చూసి ఆ కట్టలోకి మారుస్తారు. ఆ మనిషి అప్పటికే తప్పుకుని ఉంటే 3 చూస్తారు. కాగితం ఎప్పుడూ ఒక్క కట్టలోనే ఉంటుంది, దాని విలువ ఎప్పుడూ ఒకటే.

డల్లాస్‌లో ఉన్న మన పిల్లలకు ఇదే పని రెండు విడతల్లో జరుగుతుంది. టెక్సస్‌లో చమురు, గ్యాస్‌లను నియంత్రించేది రైల్‌రోడ్ కమిషన్. పేరులో తప్ప ఇప్పుడు రైళ్లతో దానికి సంబంధం లేదు. ఆ కుర్చీకి రాష్ట్రమంతా ఓటేస్తుంది. 2020లో డెమొక్రాట్ల ప్రైమరీలో నలుగురు పోటీపడితే ఎవరికీ ఓట్లు సగం దాటలేదు. మొదటి ఇద్దరు క్రిస్టా కాస్తనేడా, రొబెర్టో అలొంజోల మధ్య జులైలో మళ్లీ పోలింగ్ పెట్టారు. టెక్సస్ వాళ్లు నాలుగు నెలల తర్వాత మళ్లీ వరుసలో నిలబడి చేసిన పనిని మనం ఒకే కాగితం మీద చేసేయొచ్చు.

అది చేయనివాళ్ల సంగతి మన 2021 లెక్కింపులోనే చూడండి. నాగేశ్వర్ ఓట్లు కూడా పంచాక వాణీదేవికి 1.49 లక్షలు, రామచందర్‌రావుకు 1.37 లక్షలు అయ్యాయి. మధ్యలో తేడా 11 వేల పైచిలుకు. 3.37 లక్షల చెల్లిన ఓట్లలో వీళ్లిద్దరివీ తీసేస్తే మిగిలేవి సుమారు 50 వేలు. ఆ కాగితాల మీద ఈ ఇద్దరిలో ఎవరికీ అంకె లేదు. తేడాకు నాలుగింతల పైగా ఓట్లు దారిలోనే ఆగిపోయాయి! ఆ ఓటర్లకు ఇద్దరూ నచ్చక కావాలనే వదిలేసి ఉంటే అది వాళ్ల హక్కు. "ఓటు సగమవుతుంది" అన్న భయంతో వదిలేసి ఉంటే అన్యాయం.

అసలు చెల్లనివి వేరే, 20 వేల పైనే. టిక్కు పెట్టినా, అంకెకు బదులు అక్షరాల్లో రాసినా, సంతకం చేసినా, పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు పెన్ను వదిలి జేబులోది తీసినా ఓటు పోతుంది. నామినేషన్‌కు ముహూర్తం, రాహుకాలం చూసుకునే అభ్యర్థులు ఆ శ్రద్ధలో పావు వంతు ఓటరుకు ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పెడితే ఇందులో ఎన్నో ఓట్లు దక్కేవి.

ఈ స్థానం పదవీకాలం 2027 మార్చితో ముగుస్తుంది. పాత జాబితాలో పేరుంది కదా అని ధీమాగా ఉండకండి. పట్టభద్రుల జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటినవాళ్లు ఫారం 18 మళ్లీ నింపాల్సిందే.