ఆకాశనౌకలకు దిగుచోటు

2007వ సంవత్సరము జనవరి మాసాంతమున, మంత్రాలయమునందు తుంగభద్ర యొడ్డున, ఒక గొఱ్ఱెలకాపరి నన్నిట్లడిగెను: "స్వామీ, ఆకాశమునుండి దించిన యంత్రమును సముద్రములో పడవేసినారట. మనకింత బయలునేల యుండగా నీళ్లపాలు చేయనేల?" ప్రశ్న చక్కనిది. నాడు నేను చెప్పిన సమాధానమునే కొంత పెంచి మనవిచేయుచున్నాను.

ఆ యంత్రము 550 కిలోగ్రాముల బరువు గలది. జనవరి 10వ తేదీన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై పోయి, 12 దినములు భూమిచుట్టు తిరిగి, 22వ తేదీన శ్రీహరికోటకు తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతమునందు దిగినది. అట్లు తిరుగు వస్తువు సెకనునకు సుమారు 7.5 కిలోమీటర్లు పోవును. వేగము తగ్గించు చిన్న రాకెట్టును రెండు సెకనులు ఆలస్యముగా వెలిగించిరనుకొందము. దిగుచోటు 15 కిలోమీటర్లు తప్పును. అనగా మఠము ముంగిట దిగవలసినది మంత్రాలయము రోడ్డు రైలుస్టేషను దాపున దిగినను దిగవచ్చును! అటుపైని పారాచూటును త్రోయు గాలి మఱికొంత ప్రక్కకు లాగును.

కావున చోటు నెంచువారు "ఎచ్చట దిగవలెను?" అని మాత్రమే చూడరు, "ఎంత తప్పినను ఎవరికి హాని లేదు?" అని చూతురు. వారి గుఱి యొక చుక్క కాదు. పొడవుగా సాగిన కోడిగ్రుడ్డు ఆకారపు వైశాల్యము. అందు ఊళ్లుండరాదు. నౌక తిరుగుబాట దానిమీదుగా పోవలెను. వెదకి తెచ్చువారు త్వరగా చేరగలుగవలెను. సముద్రముపై నోడలను, విమానములను ముందుగా తొలగింపవచ్చును. విశాలమైన గడ్డిమైదానములు గల రష్యావారు నేలపైననే దింపుదురు. 1984 ఏప్రిల్ 11వ తేదీన మన రాకేశ్ శర్మ కజకస్తాన్ మైదానమునందే దిగెను.

రెక్కలున్న వాహనము తన్ను తాను త్రిప్పుకొనగలదు గనుక దానికి రన్‌వే చాలును. 2023 ఏప్రిల్ 2వ తేదీన అట్టి నమూనాను హెలికాప్టరునుండి 4.5 కిలోమీటర్ల యెత్తున విడువగా, అది చిత్రదుర్గము జిల్లాలో తనంతట దిగినది. అదియు మన సీమవంటి మెట్టప్రాంతమే. అయితే అచ్చటి చెళ్లకెరె బీళ్లు తరతరములుగా పశువులు మేసినవి. వానిని సంస్థల కిచ్చినపుడు కాపరులు అభ్యంతరము తెలిపిరి.

నాడు నేను కాపరితో, "పటములో నీ బయలు ఖాళీగనే కనబడును. మఱి నీ మంద యెచ్చట మేయును?" అంటిని. అతడు నవ్వి, "అట్లైన సముద్రమే మేలు, స్వామీ" అనెను. "అచ్చటను వలవేయువారున్నారు, నాయనా. వారికి ముందుగా చెప్పియే దింపవలెను" అంటిని.