వరి ఆకు కంట్లో గీరితే ఏం చేయాలి?

ఈ వీడియోలో నేను నల్ల కళ్లద్దాలతో ఎందుకున్నానో చెబుతా.

నవార వరిలో కలుపు తీస్తుంటే ఆకు అంచు కుడి కంట్లో గీరింది. నలుసేమో అనుకుని గట్టిగా నలిపేశా, అదే పెద్ద తప్పు. మంచినీళ్లతో కడిగి ఊరుకోవాల్సింది. రాత్రికల్లా ఒకటే నీరు, లైటు చూడలేను. ఒకరు చనుబాలు అన్నారు, ఇంకొకరు ఆముదం. ఏదీ వేయనివ్వలేదు.

పొద్దున్నే కంటి డాక్టరు పసుపు రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తే, కార్నియా మీద గీత పచ్చగా మెరిసింది. యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. కట్టు మాత్రం కట్టలేదు. ఆకు, ఊక తగిలిన కంటిని మూసేస్తే ఇన్ఫెక్షన్ పెరుగుతుందట. చిన్న గీత కాబట్టి మూడో రోజుకి మానింది.

అసలు భయం ఫంగస్‌తో. పంటకి ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం తెలుసుగా? ఆ జాతి శిలీంధ్రాలే కంట్లో పుండు చేసి చూపు పోగొడతాయి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఎర్రదనం తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ పెరిగిపోతుంది. నొప్పి పెరిగినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనబడినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ఇప్పుడు మడిలో దిగేటప్పుడు నేను పెట్టుకునే కళ్లద్దాలు వీడియో చివర్లో చూపించా.