నర్సమ్మకు ధైర్యం, రోగికి క్షేమం



మన బరంపురంలో 1962లో ఏర్పడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం పల్లెల నుంచే కాదు, ఇచ్ఛాపురం వైపు నుంచీ మనవాళ్ళు వస్తుంటారు. ఏ ఆసుపత్రిలోనైనా డాక్టరుగారు వార్డు చూసి వెళతారు. రాత్రంతా రోగిని కనిపెట్టుకొని ఉండేది నర్సమ్మే. ఆమె పని ఆమె ఓర్పు మీదే కాదు, పైవారి తీరు మీదా ఆధారపడుతుంది.

మందు మోతాదు తప్పు పడిందేమోనని ఆమెకు అనుమానం వచ్చిందనుకోండి. అడిగితే అందరిముందూ చీవాట్లే అనుకుంటే నోరు మెదపదు. "అడిగి మంచిపని చేశావమ్మా" అనే హెడ్ సిస్టరు ఉంటే వెంటనే అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న ప్రాణం నిలపవచ్చు.

నర్సుల కొరత ఉన్న రోజుల్లో కూడా అమెరికాలో 41 ఆసుపత్రులు నర్సులను నిలుపుకోగలిగాయని 1983 నాటి నివేదిక ఒకటి చూపింది. అక్కడ అధికారులు అందుబాటులో ఉన్నారు, నర్సుల మాట విన్నారు, వారి వీలు చూసి డ్యూటీలు వేశారు.

మన సరిహద్దులో ఇంకో చిక్కుంది. తెలుగు అవ్వ చెప్పే బాధ ఒడియా నర్సుకు అందకపోవచ్చు. పక్క వార్డులో తెలుగు వచ్చిన సిస్టరును పిలవడం నామోషీ కాదని పెద్దనర్సే నేర్పాలి.

మనమూ వార్డులో గొంతు పెంచేముందు ఒక్క క్షణం ఆగుదాం. బెదిరిన చేతులతో సేవ సాగదు.