చేతి ఫోనుకు బీమా: ధర్మమూ, లెక్కా

సెల్‌ఫోను కొనడానికి దుకాణానికి వెళ్ళిన మనిషికి నేడు రెండు ధరలు వినిపిస్తున్నాయి. మొదటిది ఫోను ధర. రెండవది, అద్దం పగిలినా, నీళ్ళలో పడినా, దొంగిలించబడినా ఆదుకుంటామని చెప్పి అడిగే మరొక వెయ్యి, పదిహేను వందల రూపాయలు. ఈ రెండవ మొత్తాన్ని గురించి మన సోదరులలో కొందరు హలాలా, హరామా అని మాత్రమే అడిగి ఊరుకుంటారు. మరికొందరు గిట్టుబాటు అవుతుందా లేదా అని మాత్రమే చూసుకుంటారు. ఈ రెండు ప్రశ్నలూ వేరువేరు. అయినా ఫోను విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రెండవ ప్రశ్నలోని లెక్క కూడా కావలసి ఉన్నది. దానిని విశదం చేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పదాన్ని గురించి ఒక మాట. తెలుగులో మనం వాడే 'బీమా' ఫార్సీ నుండి ఉర్దూ ద్వారా వచ్చినది. ఫార్సీలో 'బీమ్' అంటే భయం. అరబీలో ఇదే వ్యవహారాన్ని 'తఅమీన్' అంటారు. అది 'అమ్న్', అనగా నిర్భయం, అనే మూలం నుండి పుట్టినది. ఒకే ఒప్పందానికి ఒక భాష భయం నుండి పేరు పెట్టగా మరొక భాష అభయం నుండి పెట్టినది. అనువాదకునికి ఇదొక వినోదమే గాని, ధర్మశాస్త్ర చర్చ అంతా నిజానికి ఈ రెండు మాటల మధ్యనే నడిచినది.

పూర్వ గ్రంథాలలో బీమా ప్రస్తావన లేదు. హనఫీ పండితులలో దానిని మొదటిసారిగా వివరంగా చర్చించినవారు డమాస్కస్‌కు చెందిన ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836). ఆయన కాలంలో వర్తకులు ఓడ కిరాయితోపాటు కొంత సొమ్మును వేరొక వ్యక్తికి చెల్లించేవారు. సరుకు మునిగినా, దోపిడీకి గురైనా అతడు నష్టం భర్తీ చేసేవాడు. దానిని 'సౌకరా' అనేవారు. తన మీద ధర్మరీత్యా లేని బాధ్యతను సొమ్ము తీసుకొని నెత్తిన వేసుకోవటం చెల్లదనీ, ఆ విధంగా వచ్చే పరిహారం వర్తకునికి ధర్మసమ్మతం కాదనీ ఆయన తీర్మానించారు.

1961లో డమాస్కస్‌లో జరిగిన ఫిఖ్‌హ్ సదస్సులో ఈ ప్రశ్న మళ్ళీ రగులుకున్నది. షేక్ ముస్తఫా జర్ఖా బీమాను సమర్థించారు. బీమాదారుడు కొనేది రాబోయే సొమ్మును కాదు, ఈనాటి నిశ్చింతనే కొంటున్నాడు, అది ఒప్పందం నాడే అతనికి దక్కుతున్నది, కనుక ఇందులో జూదం లేదని ఆయన వాదన. షేక్ ముహమ్మద్ అబూ జహ్రా దానిని ఖండించారు. అటుపిమ్మట 1985 డిసెంబరులో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ తీర్మానం వెలువరించినది. స్థిరమైన ప్రీమియం తీసుకొని వాణిజ్య సంస్థలు నడిపే బీమాలో 'గరర్', అనగా ఒప్పందాన్నే చెరిపివేసేంత అనిశ్చితి ఉన్నది, కాబట్టి అది నిషిద్ధం. పరస్పర సహకారం, విరాళం పునాదిగా గల బీమా దానికి ప్రత్యామ్నాయం. ఇదీ దాని సారాంశం. నేడు అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం ఇదే.

అయితే మన దేశంలో బీమా చేయించుకున్న ముస్లింలు ఎందరో ఉన్నారు గదా అని పాఠకులు అడగవచ్చు. నిజమే. మోటారు వాహనానికి థర్డ్ పార్టీ బీమా 1988 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి. అక్కడ మన ఇష్టానికి తావు లేదు. ఇక జీవితం, ఆస్తుల బీమా విషయంలో భారత ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ 1992లో ఆజంగఢ్ సదస్సులో అనుమతి ఇచ్చినది. బీమా మూలతః ధర్మసమ్మతం కాదన్న మాటను అది ఒప్పుకున్నది. కాని మత కల్లోలాలలో ముస్లింల ప్రాణాలు, ఇళ్ళు, దుకాణాలు ఎప్పుడు ఏమవుతాయో తెలియని పరిస్థితి ఈ దేశంలో ఉన్నదని గమనించి ఆ అనుమతిని ఇచ్చినది.

ఈ కారణాన్ని పాఠకులు బాగా గుర్తుంచుకోవాలి. 'హాజత్', అనగా తీవ్రమైన అవసరం, కొన్ని సందర్భాలలో అనివార్యతతో సమానమవుతుందనేది ఫుఖహాల సూత్రం. అయితే దాని వెంటనే మరొక సూత్రమూ ఉన్నది: అనివార్యత ఎంత మేరకో, సడలింపు అంత మేరకే. ఒస్మానీల 'మజల్లా'లో ఈ రెండూ ఉన్నాయి. కాలిపోయిన దుకాణం కోసం ఇచ్చిన అనుమతిని పగిలిన అద్దానికి చాచవచ్చునా? నా దృష్టిలో చాచరాదు. అద్దం పగలటం వల్ల కలిగే నష్టం ఎంతటిదో చూస్తే గాని ఈ మాట తేలదు. అందుకే లెక్క కావాలి.

ఉదాహరణకు, ఒక ఫోను ధర 20,000 రూపాయలనుకుందాం. ఏడాది బీమా 1,500. దానిపై 18 శాతం జి.ఎస్.టి. 270; మొత్తం 1,770. అద్దం పగిలితే మరమ్మతుకు 6,000 అవుతుంది. అందులో మన వాటాగా 1,000 కట్టమంటారు. అంటే కంపెనీ భరించేది 5,000. ఈ లెక్కన అటువంటి వంద ఫోన్లలో ఏటా కనీసం 36 పగిలితే తప్ప కొన్నవారందరికీ కలిపి పెట్టిన సొమ్ము తిరిగి రాదు. అంతకంటే తక్కువే పగులుతాయన్న నమ్మకంతోనే కంపెనీ ధర నిర్ణయిస్తుంది. దుకాణదారుని కమీషను, సిబ్బంది జీతాలు, లాభం అందులోనే ఇమిడి ఉంటాయి.

ఒక ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయనుకోండి. నాలుగింటికీ బీమా కడితే ఏడాదికి 7,080. ఏమీ కట్టని ఇంట్లో ప్రతి ఏటా తప్పకుండా ఒక అద్దం పగిలినా ఖర్చు 6,000 మాత్రమే! పైగా పగలని సంవత్సరం ఆ 7,080 ఇంట్లోనే ఉంటుంది.

భరించలేని నష్టానికి ఈ లెక్క వర్తించదు. లక్షల విలువ గల ఇల్లు కాలిపోతే సగటు మనిషి కోలుకోలేడు. అక్కడ లెక్క ప్రకారం కొంత నష్టమైనా కొందరు సిద్ధపడతారు. ఆరువేల మరమ్మతు బాధాకరమే గాని కుటుంబాన్ని కూల్చేది కాదు. జర్ఖా గారి వాదనను అంగీకరించినా ఇక్కడ అది నిలవదు. కొనేది నిశ్చింత అయితే, మన నిద్ర చెడగొట్టేంత భయం ముందు ఉండాలి గదా. దుకాణంలో అయిదు నిమిషాల క్రితం వరకు లేని భయాన్ని మనలో పుట్టించి, దానికి మందు అమ్మటం వేరే సంగతి.

ఇక ఒప్పందంలోని షరతుల సంగతి. గరర్ అంటే ఏమిటో పుస్తకాలలో వెదకనక్కరలేదు, ఆ సన్నని అక్షరాల కాగితాన్ని చదివితే చాలు. చాలా పథకాలలో దొంగతనం వర్తించాలంటే పోలీసు ఎఫ్.ఐ.ఆర్. కావాలి, బలవంతంగా లాక్కుంటేనో, తాళం పగులగొడితేనో దొంగతనంగా లెక్కిస్తారు. బస్సు సీటు మీద మరచిపోయిన ఫోను అందులోకి రాదు. నిర్ణీత గంటలలోగా తెలియజేయకపోతే హక్కు పోతుంది. ఫోను పాతబడిన కొద్దీ చెల్లించే మొత్తం తగ్గుతుంది. కొనేవాడు 'ఏమైనా ఇస్తారు' అనుకుంటాడు, అమ్మేవాడు 'ఇవి తప్ప ఇవ్వము' అని రాసుకుంటాడు. అడగకుండానే బీమాను బిల్లులో చేర్చటం కూడా కద్దు. ఆన్‌లైను అమ్మకాలలో ఈ విధంగా బుట్టలో చొప్పించటాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించినది. బిల్లు చెల్లించే ముందు ఒకసారి చూసుకోవటం మంచిది.

తయారీదారు ఇచ్చే వారంటీని దీనితో కలిపి చూడరాదు. అమ్మిన వస్తువులో లోపం ఉంటే అమ్మినవాడు బాధ్యుడు కావటం 'ఖియారె ఐబ్' అనే పేరుతో ఫిఖ్‌హ్‌లో సుపరిచితమే. దానికి విడిగా ధర లేదు.

తెలియక బీమా కట్టినవారు, పరిహారం వచ్చినవారు ఏం చేయాలి? నిషిద్ధమని భావించే మన ముఫ్తీల సాధారణ సమాధానం ఇది: తాము చెల్లించినంత మొత్తాన్ని వాడుకోవచ్చు, మిగిలినదాన్ని పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలి. ఒక దురలవాటును మాత్రం ఇక్కడే చెప్పాలి. సంవత్సరం ముగియవస్తున్నది, కట్టిన సొమ్ము వృథా అవుతున్నదని పనిచేస్తున్న ఫోనును కావాలని పగులగొట్టేవారున్నారు. బీమాను ధర్మసమ్మతమనే పండితుని దృష్టిలోనూ అది ద్రోహమే.

ఆటో నడిపేవాడు, ఇంటింటికీ సరుకులు చేరవేసే యువకుడు, కుట్టుపని ఆర్డర్లు ఫోనులోనే తీసుకునే సోదరి – వీరి సంగతి వేరు. వీరికి ఫోను పనిముట్టు. అది ఆగిన రోజు సంపాదన ఆగుతుంది. నష్టం వీరికి నిజంగా బరువైనది. అయితే వీరికి కావలసినది ఆ రోజే చేతికి అందే మరొక ఫోను. బీమా పరిహారం అనుమతులు దాటి రావటానికి రోజులు పడుతుంది. ఇంట్లో ఉన్న పాత ఫోనును అమ్మివేయకుండా చార్జి చేసి ఉంచుకోవటం వీరికి ఎక్కువ ఉపయోగం. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీ హదీసు ఉన్నది. మూడు, నాలుగు వందల రూపాయల కవరు, అద్దంపై అతికించే గాజు పొర ఈ కాలపు తాడు. ఫోనులో *#06# నొక్కితే కనబడే పదిహేను అంకెల ఐ.ఎం.ఈ.ఐ. సంఖ్యను కాగితం మీద రాసి ఉంచుకోవాలి. 2023 మే నుండి దేశమంతటా అందుబాటులో ఉన్న సంచార్ సాథీ ద్వారా, పోయిన ఫోను ఎవరికీ పనికిరాకుండా ఉచితంగా నిలిపివేయించవచ్చు.

జిద్దా తీర్మానం చెప్పిన ప్రత్యామ్నాయానికి, తకాఫుల్‌కు, మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కాని చిన్న స్థాయిలో దానికి చట్టం అవసరమూ లేదు. అష్‌అరీ తెగవారు ఆహారం తరిగినప్పుడు ఎవరి వద్ద ఉన్నది వారు తెచ్చి ఒకే వస్త్రంలో పోసి సమానంగా పంచుకునేవారనీ, దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారనీ బుఖారీ, ముస్లింలలో ఉన్నది. ఒక మస్జిదు పరిసరాలలోని పదిమంది ఆటో డ్రైవర్లు నెలకు తలా వంద రూపాయలు వేస్తే ఏడాదికి 12,000 అవుతుంది. పైన చెప్పిన లెక్కలో రెండు అద్దాలు. వేసేటప్పుడే అది విరాళమన్న సంకల్పం ఉండాలి. ఎవరికి ఎంతవరకు ఇవ్వాలో ముందే రాసుకోవాలి. డబ్బును వడ్డీకి తిప్పరాదు. లెక్క ఇద్దరి చేతిలో ఉండాలి. ఏడాది చివర మిగిలినదాన్ని సభ్యులు పంచుకోవచ్చు, లేదా మరుసటి ఏటికి ఉంచవచ్చు. నిధి చాలని సంవత్సరం వస్తే ఉన్నంతవరకే ఇస్తారు. ఆ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పి సంతకం తీసుకోవాలి.